మజ్జిగ పోశాం, గ్లాసు ఎక్కడికి పోయింది?

సింహాచలం గిరి ప్రదక్షిణ రాత్రి హనుమంతవాక జంక్షన్‌లో కాసేపు నిలబడితే, విశాఖలో పిసినారి అనేవాడే లేడనిపిస్తుంది. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు కొండ కింది మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తూ తెల్లారేదాకా వస్తూనే ఉంటారు. దారి పొడవునా టెంట్లు. మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు, బిస్కెట్లు, కాళ్ళకు రాసుకునే నొప్పుల మందు. వద్దన్నా ఊరుకోరు. చెయ్యి పట్టుకుని ఆపి మరీ పెడతారు.

నాలుగేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్ వాళ్ళం కూడా ఒక టెంటు వేశాం. ఫ్లాటుకు వెయ్యి రూపాయల చందా. రాత్రి రెండింటికల్లా మజ్జిగ మొత్తం అయిపోయింది. పుణ్యం మూటగట్టుకున్న తృప్తితో పడుకున్నాం. పొద్దున్నే సామాను అప్పగిద్దామని వెళ్తే, పక్కనున్న గెడ్డ కాలువలో మేమిచ్చిన గ్లాసులే తెల్లగా తేలుతున్నాయి. రోడ్డు ఊడుస్తున్న మున్సిపాలిటీ ఆవిడ చీపురు ఆపి, "మీ పున్నెం మాకు మూడ్రోజుల పని బావూ" అంది. కోపంగా కూడా కాదు, నవ్వుతూనే.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఇచ్చేటప్పుడు మనం చూసుకునేది మన చేతి వైపే. ఎంత ఇచ్చాం, ఎంతమందికి ఇచ్చాం, ఫొటో వచ్చిందా. అవతలి వైపు నిలబడి చూస్తే లెక్క వేరేగా ఉంటుంది. అక్కడ లోటు ఏమిటి, అది ఎప్పుడు వస్తుంది, మనం ఇచ్చింది వాడుకున్నాక మిగిలే చెత్త ఎవరి నెత్తిన పడుతుంది? మనుషులకు చేసే మేలు ఒకటి, భూమికి చేసే మేలు ఇంకొకటి అని రెండు ఖాతాలు రాసుకుంటాం కానీ, ఆ గెడ్డ దగ్గర రెండూ ఒకే ఖాతా. ఆషాఢంలో వాన పడితే ఊళ్ళోని గెడ్డల్లో ఉన్నదంతా సముద్రంలోకే పోతుంది. తర్వాత వారం అదే గ్లాసు ఏరడానికి ఇంకో సంఘం వాళ్ళు టోపీలు పెట్టుకుని బీచ్ క్లీనింగ్‌కి వస్తారు. దానికీ చందా మనదే.

ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. అందుకని చాలామంది పేపర్ గ్లాసులకు మారారు. కానీ నీళ్ళు కారకుండా వాటి లోపల సన్నని ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఆ పూత వల్లే అవి మామూలు కాగితంలా మళ్ళీ వాడకానికి పనికిరావు, మట్టిలో తొందరగా కలవవు కూడా. మరుసటి ఏడు మేము టెంట్‌హౌస్ నుంచి స్టీలు గ్లాసులు అద్దెకు తెచ్చాం. గ్లాసుల అద్దె కంటే పెద్ద సమస్య కడగడం. నీళ్ళ డ్రమ్ములు, సబ్బు నీళ్ళ టబ్బు, వంతులవారీగా నలుగురు మనుషులు. పోయడానికి అందరూ ముందుకొచ్చారు, కడగడానికి మాత్రం అందరికీ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి.

ఇంకో సంగతి ఆ ఏడే తెలిసింది. పులిహోర పెట్టేవాళ్ళు అడుగడుక్కీ ఉన్నారు. నడిచి నడిచి వచ్చిన ఆడవాళ్ళు మా టెంటు దగ్గర ఆగి అడిగింది తిండి కాదు. "ఇక్కడ దగ్గర్లో బాత్రూమ్ ఎక్కడుందండీ?" నగరపాలక సంస్థ జీవీఎంసీ పెట్టిన మొబైల్ టాయిలెట్ దగ్గర క్యూ ఎప్పటికీ తగ్గలేదు. మా సెల్లార్‌లో వాచ్‌మన్ గది పక్కన ఉన్న బాత్రూమ్ తాళం తీసి, ఒక బల్బు, ఒక బకెట్, గుమ్మం దగ్గర కుర్చీలో మా పక్కింటి పిన్నిగారు. అంతే. ఆ రాత్రి మేము చేసిన వాటిలో పైసా ఖర్చు లేనిదీ, జనానికి అన్నిటికంటే పనికొచ్చిందీ అదే.

హుద్‌హుద్ తర్వాత వచ్చిన బట్టలు

2014 అక్టోబర్ 12 ఆదివారం. గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలితో హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. ఆ వారం ఇక్కడున్నవాళ్ళకు వివరాలు చెప్పక్కర్లేదు. కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోన్ లేదు, పాల ప్యాకెట్ దొరికితే పండగ. తర్వాత రోజుల్లో బయటి జిల్లాల నుంచి లారీలు వచ్చాయి. బియ్యం, నీళ్ళు తెచ్చినవాళ్ళకు ఎంత దణ్ణం పెట్టినా తక్కువే. పాత బట్టల మూటలు కూడా వచ్చాయి. ఎక్కువ భాగం మాసినవీ, బొత్తాలు ఊడినవీ, పెళ్ళిళ్ళ నాటి జరీ చీరలూ. వాటిని విడదీయడానికి మనుషులు కావాలి, దాచడానికి చోటు కావాలి. రేకులు ఎగిరిపోయిన ఇంటావిడకు కావలసింది టార్పాలిన్, తాడు, కొవ్వొత్తి. ఊరికి కావలసింది స్తంభాలు ఎక్కే లైన్‌మన్లు.

విపత్తు సహాయంలో వస్తువా, డబ్బా అనే వాదన ఎప్పుడూ ఉండేదే. రోజులతో కలిపి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. మొదటి మూడు నాలుగు రోజులు దుకాణాలు మూసి ఉంటాయి, ఏటీఎంలు పనిచేయవు. చేతిలో డబ్బున్నా కొనడానికి ఏమీ దొరకదు. అప్పుడు నీళ్ళు, వండిన అన్నం, మందులు, టార్పాలిన్లే సహాయం. అంగళ్ళు తెరుచుకున్నాక కూడా బయటి ఊరి నుంచి బియ్యం లారీలు వస్తూ ఉంటే, ఇక్కడి కిరాణా కొట్టువాడి నోట్లో మట్టి కొట్టినట్టే. వాడూ తుఫాను బాధితుడే. అప్పటి నుంచి డబ్బే నయం. ఎవరికి ఏం కావాలో వాళ్ళు కొనుక్కుంటారు, ఆ రూపాయి మళ్ళీ ఊళ్ళోనే తిరుగుతుంది. అన్నిటికంటే తక్కువ డబ్బు వచ్చేది ఆరు నెలల తర్వాత. టీవీ వాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. పడవ పోయిన మత్స్యకారుడి అప్పు అప్పుడే వడ్డీకి వడ్డీ కడుతూ ఉంటుంది. నాకు తెలిసి ఆ సమయంలో దాతలు ఎవరూ క్యూ కట్టరు.

హుద్‌హుద్ చెట్ల సంగతి కూడా అలాంటిదే. ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంగణం, కైలాసగిరి, జూ పార్కు, కంబాలకొండ, ఎక్కడ చూసినా చెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. నీడ కోసం ఎప్పుడో నాటిన తురాయిల్లాంటివి పెద్ద గొడుగులా విస్తరిస్తాయి గానీ గాలికి తట్టుకోలేవు. తర్వాత ఊరంతా మొక్కల ఉద్యమం. చేసినవాళ్ళ ఉత్సాహాన్ని తప్పుపట్టను, నేనూ రెండు నాటాను. కానీ మొక్క నాటడం అనే మాటలోనే ఒక మోసం ఉంది. మొక్క ఖరీదు పదుల్లో, గొయ్యి తవ్విన కూలి వందల్లో ఉంటుంది. అసలు ఖర్చు తర్వాత రెండు మూడు వేసవులు నీళ్ళు పోయడం, ఆవులూ మేకలూ తినకుండా కంచె కట్టడం, చచ్చినచోట మళ్ళీ నాటడం. ఫొటో తీసేది మాత్రం మొదటి రోజునే. తొందరగా పచ్చగా కనిపిస్తుందని రోడ్ల మధ్య వరసలుగా పెట్టిన కోనోకార్పస్‌ను తర్వాత తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల వద్దనుకున్నారు. నా రెండు మొక్కల్లో ఒకటి వేప. అది ఉంది. రెండోది ఏ చెట్టో మర్చిపోయాను, మొదటి మే నెల దాటలేదు.

కాబట్టి మొక్కల కోసం చందా అడిగేవాళ్ళను "ఎన్ని నాటారు?" అని అడగొద్దు. "మూడో వేసవి తర్వాత ఎన్ని బతికి ఉన్నాయి?" అని అడగండి. నిజంగా పని చేసేవాళ్ళు ఆ ప్రశ్నకు సంతోషిస్తారు. ఎన్ని చచ్చాయో, ఎందుకు చచ్చాయో కూడా చెబుతారు.

మనుషుల మేలూ చెట్ల మేలూ ఒకే తాడుతో కట్టిన ఉదాహరణ మనకు దూరం కాదు, ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు. పాడేరు, అరకు కొండల్లో కాఫీ నీడలో పెరుగుతుంది. పైన సిల్వర్ ఓక్, దాన్ని చుట్టుకుని మిరియం తీగ, కింద కాఫీ మొక్క. చెట్టు కొట్టేస్తే కాఫీ పోతుంది, మిరియాలూ పోతాయి. అందుకే చెట్టును కాపాడమని గిరిజన రైతుకు ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. అక్కడ నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులతో కలిసి లక్షల సంఖ్యలో పండ్ల మొక్కలు, నీడ మొక్కలు పెట్టించిన కార్యక్రమానికి యూరప్ కంపెనీల నిధి డబ్బు పెట్టింది. ఆ కంపెనీలకు బదులుగా వచ్చేది కార్బన్ క్రెడిట్లు. అంటే చెట్లు పీల్చుకున్న బొగ్గుపులుసు వాయువు లెక్క వాళ్ళ ఖాతాలో పడుతుంది. ఇది దానమా, బేరమా? బేరమే. అయితే ఏం? రైతు పెరట్లో పండ్ల చెట్టు నిలబడింది. ఫ్యాక్టరీ పొగను తగ్గించకుండా చెట్ల లెక్క చూపించి చేతులు దులుపుకుంటున్నారా అనేది ఆ కంపెనీని విడిగా అడగాల్సిన ప్రశ్న. అడగాల్సిందే కూడా.

తాబేలు పిల్ల ఫొటో

జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆర్కే బీచ్, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ ఇసుకలో. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లు. కుక్కలు, నక్కలు, కాకులు తవ్వుకు తినకుండా రాత్రిళ్ళు మనుషులు తిరిగి, గుడ్లు జాగ్రత్తగా తీసుకొచ్చి, కంచె వేసిన హేచరీలో మళ్ళీ పాతిపెడతారు. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. తెల్లవారుజామున వాటిని అలల వైపు వదులుతుంటే చూడ్డానికి పిల్లలతో సహా వెళ్తాం. అరచేతిలో పట్టేంత జీవి సముద్రం వైపు పరిగెడుతుంటే గుండె కరగనివాళ్ళుండరు. చందాలు కూడా ఆ ఫొటోకే వస్తాయి.

అదే నెలల్లో, అదే ఇసుక మీద, పెద్ద తాబేళ్ళు చచ్చి కొట్టుకొస్తాయి. వాటి ఫొటో ఎవరూ స్టేటస్‌గా పెట్టుకోరు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, నీళ్ళపైకి రాకపోతే బతకదు. ట్రాలర్ వలలో చిక్కి గంటల తరబడి నీటి అడుగున ఉంటే ఊపిరాడక పోతుంది. పిల్ల పెరిగి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్ళ పైనే పడుతుంది. వెయ్యి పిల్లల్లో ఒక్కటి ఆ వయసు దాకా బతుకుతుందని అంచనాగా చెబుతారు. ఆ లెక్కన ఒక పెద్ద ఆడ తాబేలు వలలో పోతే, వదిలిన ఎన్ని వందల పిల్లలు దానికి సమానమో మీరే చూసుకోండి.

మరి పరిష్కారం లేదా? ఉంది. ట్రాలర్ వలలో ఇనుప చువ్వల చట్రం ఒకటి బిగించి, పక్కన కంత ఉంచితే, చేపలూ రొయ్యలూ వలలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి బయటపడుతుంది. దాన్ని టెడ్ అంటారు. అది వాడటం లేదన్న కారణంతోనే 2019 నుంచి మన దేశపు సముద్రపు రొయ్యల్ని అమెరికా కొనడం మానేసింది. చెరువు రొయ్యలకు ఆ గొడవ లేదు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు యజమానిని అడిగితే "ఆ కంతలోంచి తాబేలుతో పాటు మా సరుకూ పోద్దండి" అంటాడు. అతని బాధ అబద్ధం కాదు. డీజిలు, ఐసు, కలాసీల వాటా పోను మిగిలేదే తక్కువ, అందులో కొంత కంతలోంచి పోతే ఎవరు భరించాలి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉందిగా అంటారు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది. తాబేళ్ళ రద్దీ అప్పటికే చాలావరకు అయిపోయి ఉంటుంది.

హేచరీకి ఇవ్వొద్దని నా ఉద్దేశం కాదు. రాత్రి గస్తీ తిరిగే కుర్రాళ్ళలో చాలామంది మత్స్యకార పేటల వాళ్ళే, ఆ కూలి వాళ్ళకు అవసరం. కానీ తాబేలును కాపాడాలనుకునే డబ్బులో కొంత వలకూ వెళ్ళాలి. టెడ్ బిగించడానికి, మొదటి సీజన్‌లో సరుకు తగ్గితే ఆ నష్టం పూడ్చడానికి, బోటువాళ్ళతో కూర్చుని మాట్లాడటానికి. ఇందులో ఫొటో ఉండదు. అందుకే ఇలాంటి పనికి చందా పుట్టదు.

వందలో ఎంత?

"నేనిచ్చిన వందలో పేదవాడికి ఎంత చేరుతుంది?" దాతలు అడిగే మొదటి ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే, తప్పుదారి పట్టించేది కూడా. జీతాలు, అద్దె, డీజిల్ అన్నీ 'పైఖర్చు' అని పక్కన పెడితే, ఇంకేం మిగిలింది?

అదే హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. డబ్బు కట్టగలిగినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకుని, కట్టలేనివాళ్ళకు ఉచితంగా ఆపరేషన్ చేస్తుంది. పల్లెల్లో చిన్న చిన్న కంటి కేంద్రాలు పెట్టి, శిక్షణ పొందిన టెక్నీషియన్ల చేత కళ్ళు పరీక్ష చేయిస్తుంది. అక్కడ డాక్టరు జీతం పైఖర్చా? ఆ జీతమే వైద్యం. టెక్నీషియన్ లేకపోతే ఊళ్ళో అమ్మమ్మకు శుక్లం ఉందని ఎవరికీ తెలియదు. మరోవైపు, "మా దగ్గర జీతాలే లేవు, అందరం వాలంటీర్లమే" అని గర్వంగా చెప్పే సంఘాలున్నాయి. వాటిలో లెక్కలు రాసేవాడు కూడా ఉండడు. ఆడిట్ రిపోర్టు అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. జీతాలు లేవు అనేది నా దృష్టిలో మెచ్చుకోలు కాదు, ఆరా తీయాల్సిన విషయం.

ట్రస్టులు తమ ఆదాయంలో 85 శాతం ఏటా ఖర్చు పెట్టాలని ఆదాయపు పన్ను నిబంధన. దీన్ని పట్టుకుని కొందరు "చట్టప్రకారం 85 శాతం పేదలకే" అని కరపత్రాల్లో వేస్తారు. నిబంధన చెప్పేది అది కాదు. సంస్థ లక్ష్యాల కోసం ఖర్చు పెట్టాలి, అందులో ఆ పని చేసే ఉద్యోగుల జీతాలూ వస్తాయి. విదేశాల నుంచి డబ్బు తీసుకునేవాళ్ళకు ఇంకాస్త గట్టి పట్టు ఉంది. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఆ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో పడాలి. ఊళ్ళో చిన్న సంఘాలు పెద్ద సంస్థల ద్వారా పొందే విదేశీ సాయం దీంతో ఆగిపోయింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలి లాంటి వాళ్ళు "అక్కడ మీ వీధి సంఘానికి నేరుగా పంపుతానన్నయ్యా" అంటే కుదరనిది ఈ చట్టం వల్లే, ఆమె ఇప్పుడు ఆ దేశ పౌరురాలు కాబట్టి. ఇంకా మన పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ విరాళం కింద రాదు.

పన్ను మినహాయింపు గురించి ఉన్నన్ని అపోహలు ఇంకెక్కడా ఉండవు. 80జీ రసీదు ఇచ్చారంటే వందకు వంద తిరిగొస్తుందని చాలామంది నమ్మకం. చాలా ట్రస్టులకు ఇచ్చేదానిలో సగం మాత్రమే ఆదాయంలోంచి తీసేస్తారు, దానికీ ఆదాయాన్ని బట్టి పరిమితి ఉంది. మీరు 20 శాతం శ్లాబులో ఉండి 10,000 ఇచ్చారనుకోండి. 5,000 ఆదాయంలోంచి తగ్గుతుంది, పన్నులో మిగిలేది సెస్సుతో కలిపి 1,040 రూపాయలు. ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి లాంటివాటికి ఇస్తే పూర్తి మొత్తానికి మినహాయింపు ఉంటుంది. నగదుగా 2,000 దాటి ఇస్తే ఏమీ రాదు. బియ్యం, బట్టలు ఇస్తే అసలే రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఈ మినహాయింపు లేనే లేదు. ఇప్పుడు ఏమీ ఎంచుకోకపోతే పడేది కొత్త విధానంలోనే. మార్చి నెలాఖర్లో "పన్ను ఆదా చేసుకోండి" అని ఫోన్ చేసే ట్రస్టు వాళ్ళు ఈ చివరి ముక్క చెప్పరు.

రసీదు నిజమైనదా కాదా తెలుసుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. సంస్థ ప్రతి దాత వివరాలూ పాన్ నంబరుతో పన్ను శాఖకు పంపి, విరాళానికి సర్టిఫికెట్ ఇవ్వాలి. మీ పాన్ అడగకుండా 80జీ రసీదు చించి ఇచ్చారంటే దాని విలువ చిత్తు కాగితమే. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నంబరు ఉందంటారు కొందరు. మంచిదే, కానీ అది సంస్థ వివరాలు నమోదు చేసుకున్న నంబరు మాత్రమే. నిజాయితీకి ఐఎస్ఐ మార్కు కాదు. నేను చూసేది మూడేళ్ళ ఆడిట్ రిపోర్టు అడిగితే ఇస్తారా లేదా అని. ఇచ్చాక నాకు పూర్తిగా అర్థం కావాలని లేదు. ఇచ్చే తీరులోనే సగం తెలుస్తుంది.

పరిశ్రమల ఊరు కాబట్టి సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, మాట లేకుండా విశాఖలో దానధర్మాల కథ పూర్తి కాదు. 2014 ఏప్రిల్ 1 నుంచి ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. లాభంలోంచి కాబట్టి, నష్టాలొచ్చిన కంపెనీ చుట్టుపక్కల ఊళ్ళలో వైద్య శిబిరమూ ఆగిపోవచ్చు. ఇక్కడ జనం గుర్తుపెట్టుకోవాల్సిన గీత ఒకటుంది. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేసి తీరాల్సిన పనిని కంపెనీ సీఎస్ఆర్ కింద రాసుకోకూడదు. పర్యావరణ అనుమతిలో గ్రీన్‌బెల్ట్ పెంచాలని షరతు ఉంటే, ఆ చెట్లు దానం కాదు, బాకీ. పాత ఊళ్ళో కిటికీ ఊచల మీద పోర్టు నుంచి ఎగిరొచ్చే నల్ల దుమ్ము తుడుచుకునేవాళ్ళకు మాస్కులు పంచి ఫొటో దిగితే, దుమ్ము సంగతి ఏమైందని అడిగే హక్కు ఊరికి ఉంది.

కేజీహెచ్ గేటు దగ్గర

వాట్సాప్‌లో వచ్చే వైద్య సహాయపు అభ్యర్థనల గురించి కాస్త క్లుప్తంగా. ఫొటో, ఆసుపత్రి బిల్లు, క్యూఆర్ కోడ్. కొన్ని నిజం, కొన్ని పాతవి, కొన్నిటిలో పిల్లవాడు నిజం, క్యూఆర్ కోడ్ దొంగది. పంపేముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, రోగి నంబరు కనుక్కుని, ఆసుపత్రి ఖాతాకే కట్టండి. ఆన్‌లైన్ నిధుల సేకరణ సైట్లలో కట్టేటప్పుడు కింద 'టిప్' అని ముందే కలిపి ఉంటుంది, చూసుకోండి.

దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి. ఈ జబ్బు ఎన్టీఆర్ వైద్య సేవలో, అంటే నిన్నటి ఆరోగ్యశ్రీలో, ఉందా? లేకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఎల్ఓసీకి, అంటే ఖర్చు భరిస్తామని ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రానికి, దరఖాస్తు పెట్టారా? శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చే చాలామందికి ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియదు. రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని రెండు రోజులు తిరుగుతారు. అలాంటి మనిషి పక్కన ఒక పూట నిలబడి, కౌంటర్ నుంచి కౌంటర్‌కి నడిస్తే, లక్షల బిల్లు ప్రభుత్వమే కట్టే వీలుంది. మన జేబులోంచి వెయ్యి రూపాయలు తీసి ఇచ్చేయడం ఇంతకంటే తేలిక. అందుకే అందరం అదే చేస్తాం.

పుట్టినరోజు రక్తం

ఆగస్టు 22 చిరంజీవి పుట్టినరోజు. సెప్టెంబర్ 2 పవన్ కల్యాణ్ పుట్టినరోజు. పదకొండు రోజుల తేడా. ఈ రెండు రోజుల్లో ఉత్తరాంధ్రలో అభిమానులు ఇచ్చే రక్తం చూస్తే ముచ్చటేస్తుంది. డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతి సుప్రీంకోర్టు తీర్పుతో 1998 నుంచి ఆగిపోయాక, ఆ ఖాళీ పూడ్చినవాళ్ళలో సినిమా అభిమాన సంఘాలున్నాయి. వాళ్ళను ఎగతాళి చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అయితే రక్తానికి తారీఖు ఉంటుంది. ఇచ్చిన రక్తాన్ని విడగొడితే ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిలుస్తాయి. ఎర్ర కణాలు మహా అయితే 42 రోజులు. ప్లాస్మాను గడ్డకట్టించి ఏడాది దాచొచ్చు. ఆగస్టు 22న తీసిన ఎర్ర కణాలకు అక్టోబర్ 3తో గడువు తీరుతుంది. ఇచ్చిన మగవాళ్ళు మళ్ళీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి, ఆడవాళ్ళు 120. అంటే నవంబర్ 20 దాకా ఆ కుర్రాళ్ళంతా లెక్కలో లేనట్టే. మధ్యలో డెంగీ వస్తే ప్లేట్‌లెట్లకు మళ్ళీ ఫోన్లు మొదలు. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఏ హీరో పుట్టినరోజుతోనూ వాళ్ళకు సంబంధం లేదు. అన్నిటికంటే గడ్డుకాలం ఏప్రిల్ నుంచి జూన్ వరకు. కాలేజీలకు పరీక్షలు, తర్వాత సెలవులు, ఎండకు భయపడి పెద్దవాళ్ళు కూడా రారు.

ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఎంత ఉందో ఈ-రక్తకోశ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఇరవైమంది స్నేహితులుంటే, అందరూ ఒకే రోజు వెళ్ళి గ్రూపు ఫొటో దిగేకన్నా, నెలకు ఇద్దరు చొప్పున పంచుకుంటే పది నెలలు సరిపోతుంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇది పెడితే ఇరవైమందీ బొటనవేలు చూపించారు. పట్టికలో పేరు రాసింది ఏడుగురు.

నిరుడు మా వినాయక చవితి కమిటీ వాళ్ళు నిమజ్జనం రోజు శిబిరం పెడతామని నన్ను బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేయమన్నారు. అవతల ఒక పెద్దావిడ ఎత్తారు. విషయం చెప్పాను, అరవైమంది దాకా వస్తారన్నాను. కాసేపు ఆగి, "ఇప్పుడు మాకు ఫ్రిజ్‌లో చోటు లేదండీ బాబూ. ఏమీ అనుకోకండి. మే రెండో వారంలో చెయ్యగలరా? ఎండగా ఉంటుంది, నాకు తెలుసు. పొద్దున్నే ఏడింటికి మా బండి పంపిస్తాను" అన్నారు. కమిటీలో సగంమంది మేలో మండపం ఉండదు కదా అన్నారు. మిగతా సగంతో మే 11న సెల్లార్‌లో, అదే వాచ్‌మన్ గది పక్కన, నాలుగు మంచాలు వేశాం. పందొమ్మిది మంది వచ్చారు. ఆవిడ బండితో పాటు తనూ వచ్చి, పందొమ్మిది సంచులూ లెక్కపెట్టుకుని, తొమ్మిదింటికల్లా వెళ్ళిపోయారు.